ఆరు సిలిండర్లకు గిద్దెడు కొసరు

ఈ మధ్య పాత బళ్ల మీద జనానికి మోజు పుట్టింది. మా మనవడి స్నేహితుడొకడు ఎక్కడో గోడౌన్లో తుప్పు పట్టిన ఆరు సిలిండర్ల ఇంజను కొని, దాన్ని తెచ్చి ముందు గదిలో పెట్టుకున్నాడు. అది భార్య సోఫా వేసుకుందామనుకున్న చోటట. ఆ అబ్బాయి నా దగ్గరకొచ్చి, "తాతగారూ, మీరు అప్పట్లో వీటికి క్రాంకులు మార్చేవారటగా, ఆయిలు సిస్టమ్ కూడా మార్చేవారటగా! ఎంత ప్యాషనండీ మీకు!" అన్నాడు. ప్యాషనూ లేదు, పాడూ లేదు. బస్సు పొద్దున్నే బెజవాడ పోవాలి. పోకపోతే ఊరంతా నన్ను తిట్టేది. అందుకు మార్చాను. అదీ ఒక్కసారే. ఆ సంగతి చెబుతాను కానీ, విన్నాక ఎవరూ నా ఫొటో తీయాలనుకోరు.

యాభైల మధ్యలో మాట. తిరువూరులో మా షావుకారుగారికి నూనె మిల్లు, కిరాణా కొట్టు, ఒక బస్సు ఉండేవి. మొదటి రెండూ ఆయనకు అన్నం పెట్టేవి. మూడోది పరువు కోసం. బస్సు అని మర్యాదకు అనడమే గాని, అది యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్లు వేలం వేసిన అమెరికా లారీ. దాని మీద మా ఊరి వడ్రంగి టేకు చెక్కతో ఒక ఇల్లు కట్టాడు. అతనికి ఇళ్లు కట్టడమే తెలుసు కాబట్టి కిటికీలకు ఊచలు కూడా పెట్టాడు. అందులో కూర్చున్నవాళ్లు ప్రయాణికుల్లా ఉండేవాళ్లు కాదు, ఏదో నేరం చేసి బెజవాడ కోర్టుకు పోతున్నట్టు ఉండేవాళ్లు.

బళ్లు బాగుచేసే నా షెడ్డు ఆ నూనె మిల్లు ప్రహరీని ఆనుకొని, షావుకారుగారి స్థలంలోనే ఉండేది. నేను యుద్ధం రోజుల్లో నాలుగేళ్లు మిలిటరీ వర్క్‌షాపులో పని చేసి వచ్చాను. అక్కడ పని కొంత నేర్చుకున్నాను, గర్వం పూర్తిగా నేర్చుకున్నాను. ఎవరన్నా "బోల్టు" అంటే "ఏ సైజు?" అని అడిగి వాళ్ల నోరు మూయించడం నాకు అలవాటు. తిరువూరులో అంతకు మించిన ఇంజనీరు లేడు కాబట్టి అందరూ నన్ను మేస్త్రీ అనేవాళ్లు, నేను దాన్ని బిరుదులా మోసేవాణ్ణి.

ఆ ఇంజనులో ఆరు సిలిండర్లు ఒకే వరసలో ఉంటాయి. అడుగున చాంబరు, అందులో ఆయిలు. ఆయిలు మీద ఆరు చిన్న రేకు దోనెలు. పిస్టన్లను కింద వంకర ఇరుసుకు, అంటే క్రాంకుకు, కలిపేవి రాడ్లు. ఒక్కో రాడ్డుకు కింద చెంచా లాంటి ముక్క ఉంటుంది. క్రాంకు తిరిగినప్పుడల్లా ఆ చెంచా దోనెలో మునిగి, దొరికినంత ఆయిలు తన బేరింగు మీద చిమ్ముకోవాలి. అంటే ఎవరి అన్నం వాళ్లు వడ్డించుకోవాలి. చదును రోడ్ల మీద ఈ పద్ధతి బాగానే నడుస్తుందేమో. మా దారిలో మైలవరం అవతల ఎత్తు ఎక్కేటప్పుడు ఆయిలంతా వెనక్కు పోయేది. ముందున్న రాడ్డు చెంచాకు గాలి తప్ప ఏమీ అందేది కాదు. బేరింగులో పోసిన వైట్ మెటల్ మైనంలా కరిగి, టకటక అని శబ్దం మొదలయ్యేది. ఆ శబ్దం వినగానే బస్సులో ఉన్న పెద్దవాళ్లు అడగకుండానే దిగి, చెట్ల నీడ వెతుక్కునేవాళ్లు.

ఆ బస్సు నడిపే డ్రైవరుకు అప్పటికి యాభై దగ్గర పడ్డాయి. నేను ఆయన్ను బాబాయ్ అనేవాణ్ణి, చుట్టరికం ఏమీ లేదు. మాట తక్కువ మనిషి. దారిలో బేరింగు పోతే తనే కిందికి దూరి, చాంబరు విప్పి, కరిగిన చోట తోలు ముక్క చుట్టి, బస్సును మెల్లగా ఇంటికి తెచ్చేవాడు. ఒకసారి తోలు దొరక్క వినగడప మామిడి రైతు ఒకాయన చెప్పు అడిగి తీసుకున్నాడు. ఆ రైతు ఒంటి చెప్పుతో తిరువూరులో దిగి, తన చెప్పు ఆరు సిలిండర్ల ఇంజనును పది మైళ్లు మోసుకొచ్చిందని ఏడాది పాటు చెప్పుకున్నాడు.

షావుకారుగారికి మాత్రం ఇదేదీ ముచ్చటగా లేదు. ఆయన దృష్టిలో ఇంజను దానంతటది చెడిపోదు, ఎవరో ఒకరు చెడగొడతారు. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ డ్రైవరే. ఒకరోజు కొట్టు ముందు పదిమందిలో నిలబెట్టి అనేశాడు.

"చూడు డ్రైవరూ, నీ వల్ల మూడుసార్లు బేరింగులు పోయినయ్. ఇంకొక్కసారి బస్సు దారిలో ఆగిందనుకో, నువ్వు ఇంటికాడే ఉండు. బండి తోలేవాళ్లకు కరువా?"

కరువు లేని మాట నిజమే. అప్పట్లో జిల్లాలో బస్సుల కన్నా లైసెన్సులున్నవాళ్లే ఎక్కువ. యాభై ఏళ్ల మనిషికి, అందులోనూ ఇంజన్లు పాడు చేస్తాడని పేరు పడ్డవాడికి, ఇంకో బస్సు ఎవరిస్తారు? ఆ సాయంత్రం ఆయన నా షెడ్డుకొచ్చి బల్ల మీద కూర్చున్నాడు. అక్కడున్న పానా ఒకటి తీసి, తుడిచి, మళ్లీ పెట్టాడు. చివరికి, "దీనికి ఏదన్నా దారి చూడరా అబ్బాయ్. ఈసారి ఆగిందంటే నా బతుకు రోడ్డు మీదే" అన్నాడు. అలా అడగడం ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ నాకు అప్పుడు ఆయన కష్టం కన్నా నా తెలివి చూపించే అవకాశమే ఎక్కువగా కనిపించింది.

దారి ఉంది. బెజవాడలో పాత ఇనుము కొట్టుకు ఒక ఇంజను వచ్చింది. అదే కంపెనీది, మా దాని తర్వాతి రకం. సిలిండర్లుండే ఇనప దిమ్మ, అదే బ్లాకు, పగిలిపోయింది గాని లోపల క్రాంకు బంగారంలా ఉంది. దాని గొప్పంతా క్రాంకు లోపలే ఉంది. ఇంజనులో ఒక పంపు, ఆ పంపు ఆయిలును ఒత్తిడితో క్రాంకులోకి తోస్తుంది. క్రాంకులో సన్నటి రంధ్రాలు, వాటి గుండా ఆయిలు ప్రతి బేరింగుకూ తనే నడిచి వెళ్తుంది. దోనెలు అక్కర్లేదు, చెంచాలు అక్కర్లేదు. ఎత్తు ఎక్కినా దిగినా వడ్డన ఆగదు. నేను కొలిచి చూశాను, క్రాంకు కూర్చునే మెయిన్ బేరింగుల కొలత రెండు ఇంజన్లకూ ఒకటే. ఆ క్రాంకు, దాని రాడ్లు, పిస్టన్లు, పంపు మా బ్లాకులోకి ఎక్కిస్తే పాత బండికి కొత్త ప్రాణం వస్తుంది. షావుకారుగారికి ఈ ముక్క చెప్పడానికి నాకు గంట పట్టింది. ఆయనకు అర్థమైంది ఒక్కటే, బెజవాడలో ఏ బస్సుకూ లేనిది తన బస్సుకు ఉంటుందని. అది చాలు, ఒప్పుకున్నాడు.

మూడు తాటి దూలాలు నిలబెట్టి, చైను కప్పీ కట్టి, ఇంజను పైకి లాగాం. మేం అంటే నేనూ డ్రైవరూ. మిగతా ఊరు చుట్టూ నిలబడి సలహాలు ఇచ్చింది. ఎ.కొండూరు నుంచి సంతకొచ్చిన ఒకాయన మా దగ్గరే ఆగిపోయి, సంత అయిపోయేదాకా "కాస్త ఎడమకు" అంటూనే ఉన్నాడు. ఎడమకు ఏమి జరపాలో ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు.

పాత క్రాంకు దించి కొత్తది కూర్చోబెట్టడం చెప్పినంత సులువు కాదు. క్రాంకుకు రంగు పూసి, బేరింగు మీద ఉంచి తిప్పి, తీసి చూడాలి. రంగు అంటిన చోటల్లా మిట్ట ఉన్నట్టు. అక్కడ గీకుడు కత్తితో వెంట్రుకంత గీకాలి. మళ్లీ రంగు, మళ్లీ తిప్పడం, మళ్లీ గీకడం. ఉన్నవి నాలుగే మెయిన్ బేరింగులు, వాటికే నా వేళ్లు వాచిపోయాయి. డ్రైవరు ఆ క్రాంకు రంధ్రాల్లో సన్నటి తీగ దూర్చి, కిరసనాయిలు పోసి, ఎన్నేళ్ల మడ్డో అంతా బయటికి లాగేవాడు. ఒక్కో రంధ్రం శుభ్రమయ్యాక నోటితో ఊది, అవతలి వైపు అరచెయ్యి పెట్టి, గాలి వచ్చిందని తేలాకే రెండోదానికి పోయేవాడు. అంత శ్రద్ధ నాకు లేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి నష్టమేమీ లేదు.

దోనెలు పీకేశాను. పంపుకు పొడుగు పైపు వేశాను. ప్యాకింగులు నేనే కత్తిరించి, ఒక్క చుక్క కారకుండా చాంబరు బిగించాను. డ్రైవరు ఎదురుగా ఆయిలు మీటరు పెట్టాను. ఒత్తిడి ఎంతుందో దాని ముల్లు చెబుతుంది. చివరకు ఆయిలు మట్టం చూసే పుల్ల మీద ఆకురాయితో కొత్త గీత పెట్టాను. ఆయిలు ఆ గీత దాకానే ఉండాలి. ఈ గీత సంగతి కొంచెం గుర్తుంచుకోవాలి. మేమెవరం గుర్తుంచుకోలేదు గనక, చదివేవాళ్లన్నా గుర్తుంచుకోవాలి.

ఇక్కడ షావుకారుగారి కొసరు గురించి చెప్పాలి. ఆయన కొట్లో ఏది కొన్నా కొసరు వేయకుండా పంపేవాడు కాదు. మానికెడు నూనె కొంటే పైన కొంచెం, వీశెడు బెల్లం కొంటే పైన చిన్న ముక్క. అడిగి పెట్టించుకోవడం వేరే కొట్లలో. ఇక్కడ అడగకుండానే పడేది. తూకం సరిగ్గా ఆపేస్తే ఆయనకు ఏదో అపచారం చేసినట్టు ఉండేది. అది మంచి గుణమే, కాదనను. ఆ గుణం వల్లే కొట్టు నడిచింది. చిక్కు ఎక్కడంటే, ఆయన బస్సుకు కూడా కొసరు వేసేవాడు. రోజూ పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకొని, అగరొత్తులు ముట్టించి ఇంజను చుట్టూ తిప్పి, తన చేత్తో ఆయిలు పోసేవాడు. తక్కువైనంత పోశాక, పైన గిద్దెడు కొసరు. గిద్దె కూడా కొట్లోదే, ఇత్తడిది. ఆయిలు పోయడానికి ఇంకెవరినీ చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు.

పాత ఇంజనుకు ఆ కొసరు వల్ల మేలే జరిగింది. అది సగం ఆయిలు తాగేది, సగం రోడ్డు మీద కార్చేది. వెనక నీలం పొగ వదిలేది. ఎంత పోసినా చాలేది కాదు. కొసరుతో దోనెలు కాస్త నిండుగా ఉండేవి కూడా. ఆ అలవాటు అలా పదేళ్లకు దగ్గరగా సాగింది.

కొత్త క్రాంకుతో బస్సు మొదటిరోజు ఎత్తు ఎక్కిన తీరు నాకింకా గుర్తుంది. నేనూ ముందు సీట్లో కూర్చున్నాను. ఎప్పుడూ టకటక మొదలయ్యే చోటు దాటింది. శబ్దం లేదు. ముల్లు నిటారుగా నిలబడింది. వెనక పెద్దవాళ్లు అలవాటుగా దిగడానికి మూటలు సర్దుకొని, బస్సు ఆగకపోయేసరికి కొంచెం నిరాశ పడ్డారు. డ్రైవరు నా వైపు చూసి నవ్వాడు. ఆ మనిషి పళ్లు నేను చూడడం అదే మొదటిసారి. నాకు చాలా సంతోషమైంది. సంతోషం ఆయన బతుకు నిలబడినందుకు అని చెప్పాలని ఉంది గాని, అందులో ముప్పాతిక నా గురించే.

తిరిగొచ్చాక షావుకారుగారితో గొప్పగా చెప్పాను. "ఇక ఇది ఆయిలు తాగదండీ. కారదు, కాలదు. నెలకోసారి చూస్తే చాలు."

ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "తాగకపోయినా మన మర్యాద మనం చెయ్యొద్దా మేస్త్రీ? పొద్దున్నే వట్టి చేతుల్తో ఎట్టా నిలబడేది దాని ముందు?"

నేను పకపకా నవ్వాను. ఆ మాట షెడ్డుకు వచ్చినవాళ్లందరికీ చెప్పి వాళ్లనూ నవ్వించాను. షావుకారుగారు ఇంజనుకు భోజనం పెడుతున్నారు, అది మొహమాటానికి తింటోంది అని. ఆయన్ను అనుకరిస్తూ గిద్దె పట్టుకొని అభినయించేవాణ్ణి కూడా. నవ్వడంలో పడి, పోయొద్దని చెప్పడం మాత్రం మరిచిపోయాను. మరిచిపోయాను అనడం కూడా పూర్తిగా నిజం కాదు. పొద్దున్నే ఆ పూజ దగ్గర పదిమంది చేరేవాళ్లు, ఆయన వాళ్లకు నన్ను చూపించి "ఈ చేతులే చేసినయ్" అనేవాడు. ఆ మాట కోసం నేనూ స్నానం చేసి వెళ్లి నిలబడేవాణ్ణి. అది ఎందుకు చెడగొట్టుకుంటాను?

రోజుకో గిద్దె. తాగని ఇంజను, కారని చాంబరు. ఎక్కడికి పోతుంది ఆయిలు? మట్టం రోజు రోజుకూ నా గీత దాటి పైకి వచ్చింది. షావుకారుగారు పుల్ల తీసి చూసి, "గీత మీదికి ఉంది, నిండుగా ఉంది" అని సంతోషించేవాడు. ఆయన జీవితంలో గీత మీదికి ఉండడం చెడ్డ సంగతి అని ఎవరూ చెప్పలేదు. కొలతకు తక్కువైతే పాపం, ఎక్కువైతే పుణ్యం. అంతే ఆయనకు తెలిసిన యంత్రశాస్త్రం.

ఇంజనుకు పుణ్యంతో పని లేదు. ఆయిలు మరీ పైకి వస్తే క్రాంకు దాన్ని తాకుతుంది. నిమిషానికి వేల చుట్లు తిరిగే ఇనుము, ఆయిలును కవ్వంతో మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది. ఆయిలు నురగ అవుతుంది. పంపు ఆ నురగను పీల్చి బేరింగులకు పంపుతుంది. బేరింగులకు అందేది సగం ఆయిలు, సగం గాలి. ఇదంతా నాకు మిలిటరీలో నేర్పారు. పరీక్షలో అడిగితే రాసేవాణ్ణి.

మామిడికాయల రోజులొచ్చాయి. బస్సు పైన గంపలు, లోపల జనం, బయట ఎండ. ఒకరోజు డ్రైవరు బెజవాడ నుంచి రాగానే నేరుగా షెడ్డుకు వచ్చాడు.

"అబ్బాయ్, ముల్లు వణుకుతోంది. ఎత్తు మీద మరీ వణుకుతోంది. ఆయిలు ఎక్కువైందేమో, ఒకసారి పుల్ల తీసి చూడు."

నేను అప్పుడు ఎవరిదో పంపుసెట్టు విప్పి కూర్చున్నాను. చుట్టూ నలుగురున్నారు. నలుగురున్నారంటే నాకు నాలుక ఆగదు.

"పదేళ్లు మీటరే లేని బండి తోలావు, అప్పుడేమీ వణకలేదు. ఇప్పుడు ముల్లు పెట్టేసరికి అది వణుకుతోందా? నీ కళ్లే వణుకుతున్నాయేమో చూసుకో బాబాయ్. ఎక్కువైతే ఇంజను చస్తుందంటావా, అజీర్తి చేసి?"

నలుగురూ నవ్వారు. డ్రైవరు నవ్వలేదు. "నా మీదికి రాకూడదు రా, అంతే. ఒకసారి చూడు" అన్నాడు. రేపు చూస్తానన్నాను. ఆయన వెళ్లిపోయాడు. బస్సు నిలిపే చోటు నా షెడ్డుకు యాభై అడుగులు. పుల్ల తీసి, తుడిచి, చూడడానికి ఎంతసేపు పడుతుంది? నేను వెళ్లలేదు. ఆ రోజూ వెళ్లలేదు, మర్నాడూ వెళ్లలేదు. మూడు రోజులు గడిచాయి.

నాలుగో రోజు మధ్యాహ్నం, మైలవరం అవతల ఎత్తు మీదే, రాడ్డు విరిగి బ్లాకు చీల్చుకొని బయటికొచ్చింది. చెప్పు తోలుతో కట్టు కట్టే గాయం కాదది. బ్లాకులో చెయ్యి దూరేంత కంత. మనుషులెవరికీ ఏమీ కాలేదు. మామిడికాయలు కొన్ని రోడ్డు మీద దొర్లాయట. బస్సును ఇంకో లారీకి కట్టి లాక్కొచ్చేసరికి తెల్లారి పది గంటలైంది.

కొట్టు ముందు ఊరంతా చేరింది. షావుకారుగారు ఆ కంత చూసి తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తర్వాత డ్రైవరు వైపు తిరిగాడు.

"చంపేశావు కదయ్యా! కొత్త క్రాంకు వేయించి, కొత్త పంపు పెట్టించి, పసిపిల్లలా చూసుకుంటే, రెండు నెల్లు తిరక్కుండా చంపేశావు కదయ్యా!"

డ్రైవరు నిదానంగానే చెప్పాడు. "నేను చంపలేదండి. ఆయిలు ఎక్కువైపోయింది. నాలుగైదు రోజుల నుంచీ ముల్లు వణుకుతోంది."

"ఏంటీ? నా చేత్తో పోసిన నూనె వల్ల ఇంజను పోయిందా? విన్నారా అందరూ?" షావుకారుగారు నా వైపు చూశాడు. "మేస్త్రీ, నువ్వు మిలిటరీలో చేసినవాడివి. నువ్వు చెప్పు. తక్కువై పోవడం విన్నాం గాని, నూనె ఎక్కువై ఇంజను పోవడం ఎక్కడన్నా ఉందా?"

అందరూ నా వైపు చూశారు. డ్రైవరు కూడా చూశాడు. ఆయన చూపులో బతిమాలడం లేదు. లెక్కలు తెలిసినవాణ్ణి లెక్క అడిగితే సరైన జవాబు వస్తుందని ఎదురుచూసినట్టు చూశాడు. ఉందండీ, ఎక్కువైతే పోతుందండీ, ఈయన ముందే చెప్పాడు, నేనే చూడలేదండీ. నాలుగు ముక్కలు. షెడ్డు ఆయన స్థలంలో ఉందన్న భయం ఉన్న మాట నిజమే. కానీ అసలు అడ్డం పడింది అది కాదు. ఆ గుంపులో, అజీర్తి మాటకు నవ్విన నలుగురూ ఉన్నారు. వాళ్ల ముందు నేను తెలివితక్కువవాణ్ణి కావాలి. అది నావల్ల కాలేదు.

"మామూలుగా అయితే ఉండదండీ. విప్పి చూడాలి" అన్నాను.

మామూలుగా. ఆ మాట నా అంతరాత్మకు నేను వేసిన ప్యాకింగు. అందులోంచి ఒక్క చుక్క నిజం కూడా కారలేదు. షావుకారుగారు డ్రైవరుతో, "ఇక నువ్వు ఇంటికాడే ఉండు" అన్నాడు. డ్రైవరు భుజాన తువ్వాలు సర్దుకొని నడుచుకుంటూ వెళ్లిపోయాడు. నా వైపు మళ్లీ చూడలేదు.

మర్నాడు చాంబరు బిరడా విప్పాను. బ్లాకు పగిలినప్పుడు పోయింది పోగా, ఇంకా నా గీతకు మించిన ఆయిలు బయటికి వచ్చింది. ఒక డబ్బా నిండింది, ఇంకో డబ్బా పెట్టాను. మనసులో ఏ మూలో అనుమానం మిగిలి ఉంటే అదీ పోయింది. క్రాంకు రంధ్రాల్లో ఒక్క మడ్డి ముక్క లేదు. డ్రైవరు చేసిన పని అలా ఉంది. పనిలో తప్పు లేదు. పని అయ్యాక యాభై అడుగులు నడవకపోవడంలో ఉంది.

చెప్పాలి. అప్పుడైనా వెళ్లి చెప్పాలి. రేపు చెబుదాం అనుకున్నాను. షావుకారుగారి కోపం చల్లారాక చెబుదాం అనుకున్నాను. ఆయన ఒక్కడే ఉన్నప్పుడు చూసి చెబుదాం అనుకున్నాను. ఆయన రోజుకు రెండుసార్లు ఒక్కడే నా షెడ్డుకు వచ్చి కూర్చునేవాడు. మూడో రోజుకు పాత బ్లాకు ఒకటి ఎక్కడో దొరికిందని కబురొచ్చింది. ఐదో రోజుకు కొత్త డ్రైవరును మాట్లాడారు, మీసాలవాడు, మీటరు వైపు చూడడమే తెలియనివాడు. నేను మాత్రం నోరు విప్పలేదు. కొత్త ఇంజను గురించి అడిగితే, "ఈసారి ఆయిలు నేనే పోస్తానండీ, మీకెందుకు శ్రమ" అన్నాను. అంత లౌక్యం ఉన్నవాణ్ణి.

ఎనిమిదో రోజు పొద్దున్నే డ్రైవరు ఇంటికి వెళ్లాను. మా ఇంటికి రెండు సందుల అవతల. ఆయన ట్రంకు పెట్టెకు తాడు బిగిస్తున్నాడు. ఖమ్మం వైపు ఎవరిదో ధాన్యం లారీ ఉందట, దాని మీద క్లీనరుగా పోతున్నాడు. డ్రైవరుగా కాదు, క్లీనరుగా. యాభై ఏళ్ల మనిషి, ఇరవై ఏళ్లు చక్రం పట్టుకున్న మనిషి, ఇప్పుడు ఎవరో తోలుతుంటే వెనక వేలాడాలి, చక్రాలకు రాళ్లు పెట్టాలి.

గుమ్మంలో నిలబడే చెప్పేశాను. ఆయిలు ఎక్కువై పోయింది బాబాయ్, నువ్వు చెప్పిందే నిజం, నేను విప్పి చూశాను అన్నాను. ఏడుస్తానేమో అనుకున్నాను. ఏడిస్తే ఆయన ఓదారుస్తాడేమోనని కూడా లోపల ఎక్కడో ఆశపడ్డాను.

ఆయన తాడు ముడి వేసి, గట్టిగా లాగి చూసుకున్నాడు.

"నాకు తెలుసు లేరా. విప్పుతావు, చూస్తావు, వెళ్లి ఆయనకు చెబుతావు అనుకున్నా. నిన్న పొద్దున్నే బయల్దేరాల్సింది. ఇవాళన్నా చెబుతావేమోనని ఇంకో రోజు ఆగా" అన్నాడు.

పెట్టె రెండో వైపు పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. ఇద్దరం మోసుకుంటూ కొట్టు ముందు నుంచే వెళ్లాం. షావుకారుగారు అరుగు మీదే కూర్చొని ఉన్నాడు, ఒక్కడే. నేను పెట్టె బరువుగా ఉన్నట్టు తల దించుకొని నడిచాను.